నేనూ ఎక్కుతాను

ఫార్మింగ్టన్ హిల్స్,
22 ఏప్రిల్ 2012.

నా బంగారు అక్కకి,

ఫోన్ చేస్తే పోయేదానికి ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను మాట మార్చేసి మా దేదీప్య స్కూలు కబుర్లు మొదలుపెడతాను. ఊహ తెలిసినప్పటి నుంచీ మనిద్దరి మధ్య జరుగుతున్నది అదే. అందుకని ఈసారి కాగితం తీసుకున్నాను. చివరిదాకా చదువు. చదివాకే బావకి చూపించు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. జూన్ రెండో తారీఖున నేను గ్రీస్ వెళ్తున్నాను. ఒక్కదాన్నే. టికెట్ బుక్ చేసేశాను. గది కూడా.

మా కళ్ళజోళ్ళ షాపులో నాతోపాటు పనిచేసే ఎలేని నీకు గుర్తుండే ఉంటుంది, దేదీప్య పుట్టినరోజుకి తేనె కారుతున్న స్వీటు తెచ్చిందే, ఆవిడ. వాళ్ళ పిన్ని ఇరీని ఫోలెగాండ్రోస్ అనే చిన్న దీవిలో అయిదు గదుల గెస్ట్‌హౌస్ నడుపుతోంది. ఆ దీవి పేరు సరిగా పలకడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఊరికి పైన ఒక బోడి కొండ, కొండ మీద తెల్లటి చర్చి. ఊళ్ళోంచి అక్కడిదాకా వంకర్లు తిరుగుతూ రాళ్ళు పరిచిన దారి. దాని మీద కార్లు పోవు. ఎలేని ఫోటో చూపించినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎన్ని మెట్లు?" అని. "మెట్లు కాదు, ఏటవాలు దారి. మామూలుగా ఇరవై నిమిషాలు" అంది. మామూలు మనుషులకి ఇరవై నిమిషాలు. నాకెంత పడుతుందో చూడాలనిపించింది. ఆ కోరిక పుట్టి ఎనిమిది నెలలవుతోంది, ఇంకా చల్లారలేదు.

ఎనిమిది నెలలని ఎందుకన్నానో ఇప్పుడు చెప్పాలి. పోయిన ఆగస్టులో మీరు హెర్న్‌డన్ నుంచి వచ్చినప్పుడు అందరం స్లీపింగ్ బేర్ డ్యూన్స్‌కి వెళ్ళాం కదా. ఆ ఇసుక కొండ కింద కారు ఆపగానే పిల్లలు చెప్పులు విప్పేసి పరుగెత్తారు. మా ఆయన నా వైపు చూసి, "గిరిజా, నువ్వు..." అని ఆగాడు. ఆయన వాక్యం పూర్తయ్యేలోపే నువ్వు అందుకున్నావు. "గిరిజ కూర్చుంటుందిలెండి. దానికి అలవాటే" అన్నావు.

నువ్వు చెడ్డగా అనలేదక్కా. నాకు తెలుసు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని అన్నావు. నేను కూడా నవ్వుతూ బల్ల మీద కూర్చున్నాను. ఎనిమిది మంది చెప్పులు, బ్యాగులు, కారు తాళాలు నా ముందు పెట్టుకున్నాను. మీరంతా చీమల్లా పైకి పోతున్నారు. "అలవాటే" అన్న మాట నాలో ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. ఎవరికి అలవాటు? నాకా, మీకా?

ఆ తర్వాత జరిగింది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు కనుమరుగయ్యాక నేను లేచాను. చేతికర్ర పట్టుకుని ఇసుకలోకి నడిచాను. నాలుగు అడుగులు వేశాను. కాలికి తొడిగిన క్యాలిపర్ ఇసుకలో దిగబడింది, బోర్లా పడ్డాను. చుట్టూ ఎవరూ లేరు. లేవడానికి చాలాసేపు పట్టింది. మీరు తిరిగొచ్చాక "ఒంటినిండా ఇసుకేమిటే?" అని నువ్వు అడిగితే, "గాలికి ఎగిరి పడింది" అన్నాను. నువ్వు నమ్మి, నీ చున్నీతో నా మొహం తుడిచావు.

ఆ మర్నాడే ఎలేనిని ఫోటో మళ్ళీ చూపించమన్నాను. జనవరి నుంచి వారానికి మూడు రోజులు ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తున్నాను. పడిపోయిన కండని బలవంతంగా వాడితే ఇంకా పాడవుతుందట, అందుకని మిగిలిన కండలకి ఆవిడ పని నేర్పుతోంది. రిక్రియేషన్ సెంటర్ మెట్లు ఎక్కుతున్నాను, దిగుతున్నాను. దిగడమే కష్టం.

మా ఆయనకి చెబితే, "వచ్చే ఏడు అందరం కలిసి వెళ్దాం, తొందరేముంది?" అన్నాడు. "అందరూ వస్తే నేను కింద కూర్చుంటాను. అందుకే ఒక్కదాన్నే వెళ్తున్నాను" అన్నాను. మూడో రోజు నా చేతికర్రకి కొత్త రబ్బరు బుడిపెలు నాలుగు కొనుక్కొచ్చి టేబుల్ మీద పెట్టాడు. అదే ఆయన ఒప్పుకోవడం.

నువ్వు వద్దంటావని తెలుసు. టీవీలో ఏథెన్స్ గొడవలు చూసి ఇంకా భయపడతావు. అన్నా సరే, నేను వెళ్తాను. నీ అనుమతి అడగడానికి రాయలేదు. నీకు తెలియకుండా వెళ్ళడం ఇష్టంలేక రాశాను.

నీ
గిరిజ

* * *

ఫోలెగాండ్రోస్,
6 జూన్ 2012.

అక్కా,

క్షేమంగా చేరాను. ఇక్కడి ఆఫీసు గదిలో స్కానర్ ఉంది. కాగితాలు స్కాన్ చేసి బావ ఈమెయిల్‌కి పంపుతున్నాను. ప్రింట్ తీసి ఇమ్మను.

ఏథెన్స్ రేవులో ఫెర్రీ ఎక్కడమే ఒక యుద్ధం. లారీలు, స్కూటర్లు, మనుషులు అందరూ ఒకే ద్వారంలోంచి లోపలికి. ఒకాయన నా పెట్టె లాక్కుని ముందు నడిచాడు, దొంగేమోనని కర్ర ఎత్తాను. తీరా చూస్తే ఓడలో పనిచేసేవాడు! దీవి రేవులో దిగి, బస్సెక్కి, ఊరి మొదట్లో దిగాను. అక్కడి నుంచి నడకే. ఊళ్ళోకి బండి రాదు.

ఇరీని నాకోసం గుమ్మంలో నిలబడి ఉంది. డెబ్భై రెండేళ్ళు. నల్ల గౌను, మగవాళ్ళ వాచీ. డెట్రాయిట్‌లో గ్రీకు హోటల్ వంటింట్లో పద్దెనిమిదేళ్ళు పనిచేసి, మొగుడు పోయాక వచ్చేసి ఈ ఇల్లు బాగుచేయించుకుందట. మనం కిరియా ఇరీని అని పిలవాలి, ఇరీని అమ్మగారూ అన్నట్టు. నా కాలు చూసింది. అందరిలా చూపు తిప్పుకోలేదు. "కింద గదా, మేడ గదా?" అని అడిగింది. జీవితంలో మొదటిసారి నన్ను ఒక మనిషి ఆ ప్రశ్న అడిగింది అక్కా. "మేడ గది" అన్నాను. "పదకొండు మెట్లు. పట్టుకునే కమ్మీ ఎడమవైపు" అని తాళంచెవి నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నా పెట్టె మాత్రం పక్కింటాయన వచ్చి పైకి చేర్చాడు.

గది తెల్లగా, చిన్నగా ఉంది. కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ, దారి, పైన చర్చి. నిద్ర లేచినా అదే, పడుకోబోయినా అదే.

మొన్న పడవలో దీవి చుట్టూ తిరిగాను. పడవలోకి దిగేటప్పుడు పడవతను రెండు చేతులూ చాపాడు, ఎత్తుకుందామని. వద్దని, భుజం అడిగాను. భుజం ఇచ్చాడు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున మా పడవ నీడ పాకుతూ కనిపించింది. పాత కోట పేటలో నడిచాను. ఇళ్ళ వెనుక గోడలే కోటగోడ. ఆ సందుల్లో ముసలమ్మలు కుర్చీలు వేసుకుని బీన్స్ ఒలుస్తున్నారు. నేను ఆగి ఊపిరి తీసుకుంటే ఒకామె లేచి తన కుర్చీ ఇచ్చింది. కూర్చుని ఆమెతోపాటు నేనూ ఒలిచాను. భాష అక్కర్లేకపోయింది.

ఇక కొండ సంగతి. నిన్న పొద్దున్నే బయల్దేరాను. ఇరీని "నీళ్ళు తీసుకో, మెల్లగా పో" అంది. నేను మెల్లగా పోలేదు. ఎవరి మీదో కోపం తీర్చుకుంటున్నట్టు ఎక్కాను. రెండో మలుపు దాకా ఆగలేదు. ఒక జర్మన్ జంట నన్ను దాటిపోతూ "బ్రావో" అన్నారు. ఆ మాటకి ఇంకా పౌరుషం వచ్చింది. మూడో మలుపు దాటాక మంచి కాలు వణకడం మొదలైంది. మంచి కాలు! అది ఎప్పుడూ నన్ను మోసం చేయలేదు. గోడ పట్టుకుని కూలబడ్డాను. పైకి చూస్తే సగం కూడా కాలేదు. కూర్చున్న చోటునుంచి కిందికి దిగడానికి గంటన్నర పట్టింది.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఇరీని శనగల పులుసు గిన్నె తెచ్చి ముందు పెట్టి, నేను ఏడుపు ఆపేదాకా ఎదురుగా కూర్చుంది.

"ఎవరితో పోటీ?" అని అడిగింది.

"ఎవరితోనూ కాదు."

"అబద్ధం. పోటీ లేనివాళ్ళు అలిసిపోకముందే కూర్చుంటారు. నువ్వు పడిపోయాక కూర్చున్నావు."

అప్పుడు నీ గురించి చెప్పాను. నిడదవోలు రైల్వే క్వార్టర్స్ నుంచి స్కూలుకి నన్ను వీపు మీద మోసుకెళ్ళడం, నా పదో తరగతిలో కూడా మంచినీళ్ళ గ్లాసు చేతికి తెచ్చివ్వడం, నేను ఆటల్లో దిగబోతే "నువ్వు కూర్చో, నేను ఆడతాను నీ తరఫున" అనడం. ఆవిడ అంతా విని ఒకే ప్రశ్న వేసింది. "మీ అక్కకి నీ మీద ఉన్నది జాలా, భయమా?"

నాకు జవాబు తెలియలేదు అక్కా. నలభై ఏళ్ళుగా నీ పక్కనే ఉన్నాను, తెలియలేదు. అందుకే నిన్నే అడుగుతున్నాను. నన్నెందుకు ఎప్పుడూ నడవనివ్వలేదు? అమ్మ కూడా పడితే పడనీ అనేది. నాన్న సైకిలు నేర్చుకోమన్నాడు. నువ్వే ఒప్పుకోలేదు. ఎందుకు?

కోపంతో అడగడం లేదు. కొంచెం కోపం ఉందనుకో. అయినా నాకు జవాబు కావాలి.

గిరిజ

* * *

హెర్న్‌డన్,
9 జూన్ 2012.

చిట్టితల్లీ గిరిజా,

నీ మొదటి ఉత్తరానికి నేను జవాబివ్వలేదు. ఫోన్ చేసి "జాగ్రత్త" అని మాత్రం అన్నాను. రెండో ఉత్తరం మీ బావ ప్రింట్ తీసి ఇచ్చి, "సమాధానం రాయి కృష్ణా, ఈసారి తప్పించుకోకు" అన్నారు. ఇప్పుడు రాయబోయేది ఆయనకి మూడేళ్ళ క్రితమే చెప్పాను. నీకు చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది.

నీకప్పుడు రెండేళ్ళు. నాకు పదకొండు. అమ్మ టైఫాయిడ్‌తో రాజమండ్రి ఆస్పత్రిలో ఉంది. నాన్న గూడ్స్ గార్డు కదా, లైన్ మీద వెళ్ళి రెండు రోజులైంది. పక్క క్వార్టర్ కామేశ్వరమ్మ గారు మనకింత అన్నం పెట్టి, "అమ్మాయ్, చెల్లిని చూసుకో" అని వెళ్ళేవారు. నీకు జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. కామేశ్వరమ్మ గారు "తడిగుడ్డ వేస్తూ ఉండు, మీ నాన్న రేపు వస్తారు" అన్నారు. నేను ఆగలేకపోయాను. నిన్ను చంకనేసుకుని బజార్లో కాంపౌండరు దగ్గరికి తీసుకెళ్ళాను. "సూది వేయండి, త్వరగా తగ్గాలి" అన్నది నేనే గిరిజా. ఆయన మందు బిళ్ళలిస్తానన్నాడు. నేనే సూది కావాలన్నాను, క్లాసులో అందరూ సూదితోనే తగ్గుతుందనేవారు. నీ కుడి తుంటికి వేశాడు. నువ్వు ఏడుస్తుంటే నీకు బెల్లం ముక్క పెట్టాను.

మూడో రోజు పొద్దున్న నువ్వు లేచి నిలబడబోయి పడ్డావు. ఆ కుడి కాలే.

తర్వాత నిన్ను విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరు అమ్మని అడిగాడు, "జ్వరంలో ఉండగా సూది ఏమైనా వేయించారా? పోలియో జ్వరంలో సూది పడితే ఆ కాలు పోయే ప్రమాదం ఎక్కువ" అని. అమ్మ, "లేదండీ, ఎవరూ వేయించలేదు" అంది. అమ్మకి తెలియదు. నేను నిన్ను ఎత్తుకుని తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. అమ్మ పోయేదాకా తెరవలేదు. నాన్న పోయేదాకా తెరవలేదు.

జాలా, భయమా అని ఆవిడ అడిగింది. రెండూ కాదే. నువ్వు కుంటుతూ నడిచిన ప్రతిసారీ నాకు ఆ కాంపౌండరు బల్ల కనిపించేది. నువ్వు కూర్చుంటే కనిపించేది కాదు. అందుకని నిన్ను కూర్చోబెట్టాను. నీకోసమని చెప్పుకున్నాను. నాకోసమే చేశాను.

నువ్వు నన్ను ఏమన్నా పడతాను. మాట్లాడనంటే కూడా సరే. కొండ మాత్రం ఎక్కు.

నీ పాపిష్టి అక్క,
కృష్ణకుమారి

* * *

ఫోలెగాండ్రోస్,
13 జూన్ 2012.

అక్కా,

మొదట ఒకటి చెప్పనీ. ఆ సంతకం ఇంకెప్పుడూ అలా పెట్టకు. చదవగానే ఆ రెండో మాట కొట్టేశాను, కాగితం చిరిగింది.

నీ ఉత్తరం ఆదివారం చేరింది. ఇరీని ప్రింట్ తీసి ఇచ్చింది. తెలుగు అక్షరాలు చూసి "ముగ్గుల్లా ఉన్నాయి" అనే అర్థం వచ్చేలా గాలిలో సున్నాలు చుట్టింది. చదివాక నేను కిందికి రాలేదు. ఆ రోజంతా, మర్నాడు కూడా. ఇరీని మెట్ల మీద పళ్ళెం పెట్టి వెళ్ళేది.

ఏమన్నా పడతానన్నావు కాబట్టి నిజమే రాస్తాను. నాకు కోపం వచ్చింది. సూది గురించి కాదు. సూది గురించి నాకు ఒక్క క్షణం కూడా కోపం రాలేదు, నువ్వు నమ్మినా నమ్మకపోయినా. నాకు కోపం వచ్చింది వేరే దానికి. నువ్వు నన్ను వీపు మీద మోసిన ఆ అయిదేళ్ళూ నా చిన్నతనంలో నాకున్న గొప్ప సంపద అనుకున్నాను. వర్షంలో నీ జడ నా మొహానికి అంటుకునేది, నువ్వు ఎక్కాలు అప్పజెప్పించేదానివి. ఇన్నాళ్ళకి తెలిసింది, నువ్వు శిక్ష అనుభవిస్తూ నడిచావని. నా సంపదని నువ్వు లాగేసుకున్నట్టనిపించింది. రెండు రోజులు ఆ దుఃఖంలోనే ఉన్నాను.

మంగళవారం సాయంత్రం దేదీప్య ఫోన్ చేసింది. దానికేం తెలియదు. "అమ్మా, నాకు ఫీవర్. డాడీ ఆఫీస్‌లో ఉన్నాడు. నాకే నేను టైలెనాల్ తీసుకున్నా. రైటే చేశానా?" అని అడిగింది. దానికి పదమూడేళ్ళు. గొంతులో ఎంత భయమో. అది ఫోన్ పెట్టేశాక నీ ఉత్తరం మళ్ళీ తీశాను. దీనికంటే రెండేళ్ళు చిన్నపిల్ల, ఇంట్లో పెద్దవాళ్ళు లేరు, చంకలో కాలిపోతున్న చెల్లెలు. ఆ పిల్ల ఎండలో బజారు దాకా పరుగెత్తింది. ఇంకేం చేస్తుంది? ఏం చేయగలదు? ఆ పిల్ల నాకు ఎదురుపడితే ఏమంటాను? దగ్గరికి తీసుకుని, మంచిపని చేశావు తల్లీ అంటాను. వైరస్ నాలో అప్పటికే ఉంది. సూది లేకపోతే కాలు మిగిలేదో లేదో ఏ డాక్టరూ చెప్పలేడు. నీకు తెలిసిందల్లా చెల్లికి తగ్గాలని.

కాబట్టి క్షమించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒకటి మాత్రం నావైపునుంచి ఒప్పుకోవాలి. ఇసుక కొండ దగ్గర నువ్వు అనకపోతే నేనే అనేదాన్ని, "మీరెళ్ళండి, నేను కూర్చుంటా" అని. ఎప్పుడూ అందరికంటే ముందు అనేది నేనే. ఎవరైనా వద్దంటారేమోనని నేనే వద్దనేసుకునేదాన్ని. అది నువ్వు నేర్పింది కాదు. ఆ పిరికితనం నా సొంతం.

ఈరోజు కొండ ఎక్కాను.

ఇరీని నాతో రాలేదు. "నాకు వంటుంది" అంది. ఆరున్నరకి బయల్దేరాను. మొదటి మలుపులో అలసట రాకముందే కూర్చున్నాను. ఒక గుటక నీళ్ళు తాగి, పది నిమిషాలు సముద్రం చూసి లేచాను. రెండో మలుపులోనూ అంతే. అందరూ నన్ను దాటిపోయారు, మళ్ళీ దిగుతూ ఎదురొచ్చారు కూడా. ఒక ఇటాలియన్ పెద్దాయన చేయి అందించబోయాడు. "వద్దండీ, నాకు టైముంది" అన్నాను, తెలుగులోనే. ఆయనకి అర్థమైంది. చివరి మలుపులో గాలి బాగా వీచింది. అక్కడ పావుగంట కూర్చోవలసి వచ్చింది. లేచేటప్పుడు భయమేసింది, అబద్ధం చెప్పను. కర్ర రాళ్ళ సందులో దింపుకుని ఒక్కో అడుగే వేశాను. పైకి చేరేసరికి తొమ్మిదింపావు.

చర్చి తలుపు తాళం వేసి ఉంది! సాయంత్రాలే తీస్తారట. ఇరీనికి తెలుసు, చెప్పలేదు. అంత గాలిలో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. తలుపు ముందు తెల్ల గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. కింద ఊరంతా అరచేతిలో పట్టేంత. మూడు వైపులా సముద్రం. అక్కడ నిన్ను తలుచుకున్నాను. నేను చూస్తున్నది నువ్వూ చూడాలనిపించింది, అంతే. ఇంకే గొప్ప ఆలోచనా రాలేదు.

దిగడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. మంచి కాలు వణికింది, అయినా నిలబడింది. ఇప్పుడు రెండు కాళ్ళూ వేడినీళ్ళ బకెట్‌లో పెట్టుకుని రాస్తున్నాను.

ఇక నేను నిర్ణయించినవి. షాపులో ఇంకో రెండు వారాలు సెలవు అడిగాను, ఇచ్చారు. మా ఆయన "ఇక్కడ సంగతి నేను చూసుకుంటాలే, దేదీప్యకి జ్వరం తగ్గింది" అన్నాడు. తర్వాత బావకి ఫోన్ చేశాను. నీకు చెప్పవద్దన్నాను, చెప్పకుండానే టికెట్ బుక్ చేశారు. నీ పాస్‌పోర్ట్ ఆయన దగ్గరే ఉంది, వెతక్కు. నీ మోకాళ్ళ నొప్పుల సంగతి నాకు తెలుసు. మందులు పెట్టుకో. పైకి ఎక్కలేనంటావని కూడా తెలుసు. నాలాగే మలుపు మలుపుకీ కూర్చుందువు గాని. నిన్ను నేను మోయలేను, నువ్వు నన్ను మోయడానికి వీల్లేదు. ఇద్దరం నడుస్తాం. సాయంత్రం వెళ్దాం, తలుపు తీసి ఉంటుంది.

రాననకు. ఇరీనితో కింది గది నీకోసం అట్టేపెట్టించాను. మేడ గది నాది, ఇవ్వను.

ఇరవై రెండో తారీఖు, శుక్రవారం, మధ్యాహ్నం ఫెర్రీ. రేవులో నిలబడి ఉంటాను.

నీ చెల్లెలు
గిరిజ